మిద్దెపై సౌరవిద్యుత్తు, రేడియోలో గరగర

సూర్యకిరణములు సోకిన సిలికాను పలక తనంతట తాను ఏ రొదయు చేయదు. అందు పుట్టు ఏకముఖ విద్యుత్తు నిశ్చలమైనది, రేడియో దృష్టిలో మౌనమైనది. ఐనను అట్టి పలకలను మిద్దెపై నిలిపిన ఇండ్లలోను, వాని ఇరుగుపొరుగు ఇండ్లలోను, ప్రొద్దు పొడిచిన కొంతసేపటికి మధ్యతరంగ రేడియోలో గరగర మొదలై, మబ్బు పట్టినపుడు స్వరము మార్చుకొని, ప్రొద్దు గ్రుంకగానే మాయమగుట అనేక దేశములలో శ్రోతలును ఔత్సాహిక రేడియో నిర్వాహకులును గుర్తించిన విషయము. ఆ రొదకు మూలము పలకకును ఇంటి మెయినుకును నడుమ నిలిచి విద్యుత్తు రూపమును మార్చు ఇన్వర్టరునందును, దాని తోటి యంత్రములందును ఉన్నది. 2024 ఫిబ్రవరి 13వ తేదీన ప్రారంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకము 75,021 కోట్ల రూపాయల వ్యయముతో కోటి ఇండ్లకు సౌరవిద్యుత్తును చేర్పవలెనని సంకల్పించినది; మూడు కిలోవాట్ల స్థాపనకు 78,000 రూపాయల రాయితీ లభించుచుండుటచేత మన పట్టణములలోను పల్లెలలోను ఈ పలకలు ఏయేటికాయేడు పెరుగుచున్నవి. కావున నిన్నటివరకు ఐరోపా, అమెరికాల తగవుగా తోచిన ఈ ప్రశ్న నేడు మన వీథిలోనికి వచ్చినది. సౌరవిద్యుత్తు రావలసినదే, అందు నాకు సందేహము లేదు. విచారింపవలసిన దేమనగా, ఈ రొద అనివార్యమా, లేక నిర్మాతయు బిగించువాడును కొలది సొమ్ము మిగుల్చుకొనుటవలన తక్కినవారందరు మోయుచున్న భారమా అనునది.

విద్యుత్పరికరములు రేడియోను చెరచుట క్రొత్త సంగతి కాదు. ట్రాముబండ్ల తీగలపై లేచు నిప్పురవ్వలు, మోటారు వాహనముల ఇగ్నిషను, వైద్యాలయములలోని యంత్రములు రేడియో తొలినాళ్లలోనే శ్రోతలను బాధించినవి. 1934లో అంతర్జాతీయ విద్యుత్సాంకేతిక సంఘము (ఐఈసీ) వారు ఈ అంతరాయములను విచారించుటకు పారిస్ నగరమున సిస్పర్ అను ప్రత్యేక సమితిని నెలకొల్పిరి. నేటికిని ప్రపంచమున ఈ విషయమై ప్రామాణ్యము దానిదే. ఆ తొలినాటివారు కొలుచుటకు ఏర్పరచిన క్వాసీపీక్ అను కొలతయందే శ్రోతపట్ల గల ఆదరము కనిపించును: అది చిటపటల బలమును మాత్రమే గ్రహింపక, అవి ఎంత తరచుగా వచ్చునో, వచ్చి చెవికి ఎంత విసుగు కలిగించునో దానిని కూడ లెక్కలోనికి తీసికొనును. ఐతే నాటి అంతరాయములకును నేటి సౌరయంత్రముల అంతరాయమునకును ఒక ముఖ్యభేదము కలదు. ఇంట మిక్సీ కొన్ని నిమిషములు తిరిగి ఆగును. ఇన్వర్టరు ప్రొద్దుటి నుండి సాయంకాలము వరకు, ఆదివారమనక పండుగయనక, సంవత్సరముల తరబడి పని చేయుచునే యుండును. ఒక వీథిలో ఒక్క మిక్సీ ఒక్కొక వేళ మ్రోగునేమో గాని, ఇన్వర్టర్లు అన్నియు ఒక్క సూర్యుని క్రింద ఒక్కసారి మేల్కొనును.

ఇన్వర్టరు చేయు పని స్థూలముగ ఇట్టిది. పలకల వరుసనుండి కొన్ని వందల వోల్టుల ఏకముఖ విద్యుత్తు దానికి చేరును. దానిని 230 వోల్టుల, 50 హెర్ట్జుల ఏకాంతర విద్యుత్తుగా మలచుటకై, అందలి అర్ధవాహక స్విచ్చులు ప్రవాహమును సెకనుకు వేలసార్లు విడిచి ఆపుచు, విడిచియుంచు వ్యవధిని క్షణక్షణమును మార్చుచు, తూము పలకను ఎత్తుచు దించుచు కాలువలోని నీటిమట్టమును తన యిచ్చకు తెచ్చుకొను నీరుకట్టువాని వలె, సైను తరంగపు ఆకృతిని కూర్చును. స్విచ్చి ప్రవాహమును పూర్తిగ విడిచినపుడును, పూర్తిగ ఆపినపుడును దానిలో పుట్టు వేడి స్వల్పము; వేడి అధికముగ ఆ రెండింటి నడిమి దశయందే జనించును. కనుక ఆ నడిమి దశను ఎంత కురుచ చేసిన విద్యుత్తు అంత మిగులును, లోహపు రెక్కల బరువు అంత తగ్గును. నేటి ఇన్వర్టర్లు వచ్చిన విద్యుత్తులో నూటికి 97 పాళ్ల వరకు మార్చి యియ్యగలుగుట ఈ కురుచదనము వలననే.

రేడియోకు కీడు చేయునదియు అదియే. ఒక వోల్టేజి మెల్లగా లేచి మెల్లగా దిగిన, దాని శక్తి తక్కువ పౌనఃపున్యములయందే నిలుచును. నిట్టనిలువుగా లేచి పడిన, ఆ శక్తి అనుస్వరముల పరంపరగా పైపైకి ప్రాకును. స్విచ్చి సెకనుకు 18,000 మారులు పనిచేయుచున్న దనుకొందము. దాని అనుస్వరములు 36, 54, 72 కిలోహెర్ట్జులు ఇట్లు సాగిపోయి, 41వది సరిగా 738 కిలోహెర్ట్జులకు, అనగా హైదరాబాదు ఆకాశవాణి మధ్యతరంగ స్థానమునకు చేరును. మనదేశమున మధ్యతరంగ కేంద్రములు 9 కిలోహెర్ట్జుల అంతరముతో, 9 యొక్క గుణిజములపైననే నిలుచుటచేత, ఇట్టి యంత్రము తన అనుస్వరములను ఒక కేంద్రము విడిచి ఒక కేంద్రముపై ఉంచుచు పోవును. స్విచ్చి వేగము ఏమాత్రము అటునిటు చలించినను, కేంద్రపు వాహకతరంగముతో అది కలిసి ఈల వలె వినబడును. ఈ అనుస్వరముల బలము ఎంతవరకు నిలుచుననునది లేచు వ్యవధిపై ఆధారపడును. వోల్టేజి 50 నానోసెకన్లలో లేచిన, సుమారు 6 మెగాహెర్ట్జుల వరకు అనుస్వరములు నెమ్మదిగ క్షీణించి, ఆపైన మాత్రమే వేగముగ పడిపోవును. సిలికాను కార్బైడు, గాలియం నైట్రైడు స్విచ్చులలో ఈ వ్యవధి 10 నానోసెకన్లకు దిగుటచేత ఆ హద్దు 30 మెగాహెర్ట్జులను దాటుచున్నది. అనగా హ్రస్వతరంగ విభాగమంతయు దాని క్రిందికి వచ్చుచున్నది. సామర్థ్యమునకై కనుగొన్న క్రొత్త పదార్థములే, తగిన ఫిల్టరు తోడులేనిచో, రేడియోకు మఱింత బాధకములగుచున్నవి.

ఇచట పరిమాణముల తారతమ్యమును తలచి చూడవలెను. హ్రస్వతరంగ గ్రాహకము ఒక మైక్రోవోల్టు సంకేతమును సుఖముగా వినగలదు. 50 ఓముల తీగపై ఆ సంకేతపు శక్తి వాటులో కోటికోట్ల పాళ్లకు కేవలము రెండు పాళ్లు. దాని ప్రక్కనే మిద్దెపై మూడు కిలోవాట్ల యంత్రము పనిచేయుచున్నది. ఈ రెండింటి నిష్పత్తి 15 ప్రక్కన పదునాఱు సున్నలు చేర్చిన సంఖ్య. యంత్రము తన శక్తిలో అతిసూక్ష్మాంశమును వెలికి విడిచినను గ్రాహకమునకు అది ప్రళయమే. కావున యంత్రము దోషయుక్తమైనందువలననే రొద పుట్టుననుట సరికాదు. తన పనిని చక్కగా చేయుచు, కరెంటు బిల్లును చక్కగా తగ్గించుచు ఉన్న యంత్రము కూడ రొద పెట్టవచ్చును. యజమానికి ఏ లోపమును కనబడకపోవుటచేతనే పొరుగువాని మొఱ అతనికి నమ్మశక్యముగ తోచదు.

ఐనను పెట్టెయొక్కటియే ఇంత దూరము వినిపింపజాలదు. హెర్ట్జు తరంగము గాలిలోనికి ఎగయుటకు దానికి తగిన పొడవుగల తీగ వలయును, ఆ తీగను మన మిద్దెయే సమకూర్చుచున్నది. పలకల వరుస నుండి ఇన్వర్టరు వరకు దిగు తీగలు తరచుగా పదినుండి ముప్పది మీటర్లుండును. 7 మెగాహెర్ట్జులకు తరంగదైర్ఘ్యము సుమారు 43 మీటర్లు, అందు నాలుగవ వంతు పదిమీటర్ల పైచిల్లర. 14 మెగాహెర్ట్జులకు అందు సగము. అనగా ఒక ఔత్సాహికుడు తన ప్రసారమునకై కొలిచి కట్టుకొను యాంటెన్నా పొడవును, సౌరస్థాపకుడు కొలువకయే మిద్దెపై పరచుచున్నాడు. ఇందు రెండు విధములైన ప్రవాహములను వేరుపరచి చూడవలెను. ధన తీగపై వెళ్లి ఋణ తీగపై తిరిగి వచ్చునది మొదటిది. తీగలు రెండును ప్రక్కప్రక్కన నడచిన, ఒకదాని క్షేత్రమును మఱియొకటి రద్దు చేయును గాన దాని బాధ స్వల్పము. రెండు తీగలపైనను ఒకే దిక్కుగా వెళ్లి, ఎర్తు తీగ గుండనో, పలకల లోహపు చట్రములకును మిద్దెకును నడుమగల విద్యుత్ క్షమత గుండనో తిరిగి వచ్చునది రెండవది, ఇదియే ముఖ్యశత్రువు. వైశాల్యమధికమైన పలకలు వానలో తడిసినపుడు ఈ క్షమత పెరుగును. ఇన్వర్టరులో ట్రాన్సుఫార్మరు ఉన్న కాలమున అది ఈ దారిని కొంతవఱకు అడ్డుచుండెను. బరువు, ధర తగ్గించుటకు దానిని తొలగించిన నేటి యంత్రములలో ఆ భారమంతయు ఫిల్టరుపైననే పడినది.

సౌరవ్యవస్థలన్నియు ఒక్క తీరున బాధింపవు. పలకలన్నింటికిని ఒక్కటే ఇన్వర్టరు గల వ్యవస్థలో రొద పుట్టుచోటు ఒక్కటి. దానిని పట్టి మచ్చిక చేయుట సులభము. ప్రతి పలక క్రిందను ఒక చిన్న ఇన్వర్టరునో, వోల్టేజిని సవరించు ఆప్టిమైజరునో ఉంచు పద్ధతిలో, ఎండలో కాగు ఇరుకు పెట్టెలో ఫిల్టరుకు చోటు చాలక, ఇరువది పలకలకు ఇరువది రొదలు మిద్దెమీదనే, తీగల నడుమనే పుట్టును. ఆప్టిమైజర్లు బహుళముగ వాడుకలోనికి వచ్చుటకు నీడ సమస్య యొక్కటే కారణము కాదు. అగ్నిప్రమాదవేళ మిద్దెపై నెక్కు సిబ్బంది ప్రాణరక్షణకై పలకల వోల్టేజిని సత్వరము దింపవలెనని అమెరికా విద్యుత్ నియమావళి 2014లో విధించి, 2017లో మఱింత బిగించుటచేత, పలక పలకకును ఎలక్ట్రానిక్సు అచట దాదాపు అనివార్యమైనది. ప్రాణరక్షణకు చేసిన నియమమును తప్పుపట్టరాదు. కాని ఆ నియమమును వ్రాసినపుడు రేడియో పక్షమును వినిపించినవారి మాట తగినంత సాగలేదని మాత్రము చెప్పవచ్చును. మన పల్లెలలో విరివిగా వాడుకలో నున్న బ్యాటరీ ఛార్జి కంట్రోలర్ల స్థితి వేరు. చవుకగా దొరకు వానిలో ఫిల్టరు భాగములకు సర్క్యూటు బోర్డుపై చోటు విడిచియు, ధర తగ్గించుటకై ఆ భాగములను బిగింపక విడుచుట కద్దు. బ్యాటరీగల ఇన్వర్టర్లు రాత్రియు పనిచేయును గాన, సూర్యాస్తమయముతో రొద ఆగునను పై లక్షణము వానికి వర్తింపదు.

బాధపడువారెవరు? ఎఫ్ఎం శ్రోతకు చిక్కు తక్కువ; ఆ పౌనఃపున్యములకు అనుస్వరములు క్షీణించియుండును, ప్రసారవిధానము కూడ చిటపటలను సహించును. మధ్యతరంగమున 738పై హైదరాబాదును, 837పై విజయవాడను విను పొలములోని రైతు, వయసుమళ్లిన శ్రోత మొదట దెబ్బ తినువారు. పగటివేళ మధ్యతరంగము నేలనంటి వచ్చునదే గాన దూరమునకు బలహీనమగును, రొద మాత్రము పగలే ప్రబలును. హ్రస్వతరంగమున 14, 21, 28 మెగాహెర్ట్జుల పట్టీలు అయనావరణపు దయచేత దూరదేశములకు తెరచుకొనునదియు పగటియందే. ఔత్సాహికుని గ్రాహకమున రొద 20 డెసిబెళ్లు పెరిగిన, అతనిని పలుకరించు దూరపువాడు తన శక్తిని నూరు రెట్లు పెంచిననే గాని మునుపటి వలె వినబడడు. పది వాట్లతో అడవిలోనో దీవిలోనో ఉన్నవాడు వేయి వాట్లు ఎచటినుండి తెచ్చును? ఇది వినోదమునకు సంబంధించిన బాధ యనుకొనువారు 2004 డిసెంబరు 26ను జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. సునామీ అండమానును ముంచిన ఆ నాడు, హైదరాబాదులోని జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ పక్షమున భారతీప్రసాద్ గారి బృందము పోర్టుబ్లెయిరులోనే యుండి, తక్కిన దారులు తెగిపోగా హ్రస్వతరంగముపై వార్తలను అటునిటు చేరవేసినది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినపుడు సెల్ టవర్లు మూగవోవుట మన కన్నుల యెదుటి విషయము. అట్టి దినమున దూరమునుండి వచ్చు క్షీణసంకేతము వినబడవలెననిన, ఊరిలో వినువాని చుట్టును నిశ్శబ్దము ముందునుండియే ఉండవలెను. శాస్త్రపరిశోధనకును ఇట్టి నిశ్శబ్దమే ఊపిరి. తిరుపతి చెంత గాదంకిలోని వాతావరణ పరిశోధనాలయపు రాడారు 53 మెగాహెర్ట్జులపై 1,024 యాంటెన్నాల క్షేత్రముతో మింటికి పంపు తరంగములు గాలిపొరలనుండి తిరిగి వచ్చునపుడు మిక్కిలి బలహీనములై వచ్చును. అట్టి కేంద్రముల పరిసరములలో బిగించు యంత్రముల విషయమున ప్రత్యేకశ్రద్ధ వహింపవలెనని వేఱుగ చెప్పనక్కరలేదు.

ఇక నియమముల సంగతి. ఇంటియందు వాడు యంత్రము మెయిను తీగలోనికి పంపదగిన రొదకు సిస్పర్ 11వ ప్రమాణము హద్దులను విధించినది: 0.5 నుండి 5 మెగాహెర్ట్జుల వరకు క్వాసీపీకు కొలతపై 56 డెసిబెళ్ల మైక్రోవోల్టులు, ఆపైన 30 వరకు 60. 30 మెగాహెర్ట్జులకు పైన గాలిలోనికి వెడలు క్షేత్రమును పది మీటర్ల దూరమున కొలుతురు. సౌరయంత్రములందు రొద ముఖ్యముగ పలకల వైపు తీగలగుండ వెడలుచుండగా, ఆ వైపు ద్వారమునకు చిరకాలము హద్దే లేకుండెను. 2015లో వెలువడిన ఆఱవ కూర్పునందు గాని గ్రిడ్డుకు కలుపు యంత్రముల ఏకముఖ ద్వారమునకు హద్దులు రాలేదు. 2017లో సౌరయంత్రముల కొఱకే ఐఈసీ 62920 అను ప్రమాణము వెలువడినది. ఇవి శ్లాఘనీయములే. ఐనను రెండు లోపములు మిగిలియున్నవి. ఈ హద్దులు సమీప ప్రసారకేంద్రపు బలమైన సంకేతమును వినువాని రక్షణకు చాలునేమో గాని, క్షీణసంకేతమును వెదకువానికి చాలవు. అంతకంటె ముఖ్యమైన లోపము మఱియొకటి: కొలుచుట ప్రయోగశాలలో, క్రమమైన తీగలతో, ఒక్క పెట్టెను నిలిపి జరుగును; రొదను వెదచల్లునది మిద్దెపైనున్న సమస్త వ్యవస్థ. 30 మెగాహెర్ట్జులకు దిగువన గాలిలోనికి వెడలు క్షేత్రమునకు ఇట్టి యంత్రముల విషయమున సామాన్యముగ హద్దే లేదు. పరీక్షలో నెగ్గిన పెట్టె ఇరువది మీటర్ల ఉచ్చు వంటి తీగకు తగిలించినపుడు ఎట్లు ప్రవర్తించునో ఆ పత్రము చెప్పజాలదు.

ఈ లోపమును ఐరోపా శాసనము కొంత గుర్తించినది. 2014లోని విద్యుదయస్కాంత అనుకూలతా ఆదేశము పరికరమునకే గాక, స్థిరముగ బిగించిన వ్యవస్థకును బాధ్యత నుంచి, దానిని మంచి ఇంజనీరింగు పద్ధతుల ననుసరించి బిగింపవలెనని శాసించుచున్నది. స్వీడనులో విద్యుద్భద్రతాధికారులును, నెదర్లాండ్సులో రేడియో పర్యవేక్షకులును సౌరస్థాపనలపై ప్రత్యేకదృష్టిని నిలిపిరి. అమెరికాలో సమాచారసంఘపు నియమముల 15వ భాగము ప్రకారము, హానికరమైన అంతరాయము కలిగించు యంత్రమును, అది పరీక్షలో నెగ్గినదైనను, అధికారులు చెప్పినపుడు దాని వాడుకదారు ఆపవలసియుండును. న్యాయమైన నియమమే గాని, దాని బరువు యంత్రమును నమ్మి కొన్న గృహస్థునిపై పడుట న్యాయముగ తోచదు. మనదేశమున 2017లో సౌరపరికరములకు నిర్బంధ నమోదు ఆజ్ఞ వచ్చినది. అందు ఇన్వర్టర్లకు విధించిన భారతీయ ప్రమాణములు ప్రధానముగ మనుష్యుల భద్రతకు, గ్రిడ్డు ఆగినపుడు యంత్రము తాను ఆగుటకు, సామర్థ్యమునకు సంబంధించినవి. అవి ముందు రావలసినవే. వాని ప్రక్కన రేడియో నిశ్శబ్దమునకు, అందును బిగింపునకు, అంతే స్పష్టమైన చోటు దొరకవలసియున్నది.

నివారణోపాయములు దుర్లభములు కావు. నిర్మాత స్విచ్చి అంచులను కొంచెము మెత్తన చేయవచ్చును. రెండు ద్వారములకును ఫిల్టర్లు బిగింపవచ్చును. స్విచ్చి వేగమును నిరంతరము అటునిటు కదలించి అనుస్వరములను విస్తరింపజేయు ఉపాయము కూడ కలదు గాని, దానిని నేను అంతగా మెచ్చను. కొలత పరికరమున శిఖరములు తగ్గునే గాని రొద మొత్తము తగ్గదు, ఒకచోట నున్నది పలుచోట్లకు పఱచుకొనును. మిద్దెమీది పనిలోనే అల్పవ్యయముతో అధికఫలము సిద్ధించును. ధన, ఋణ తీగలను వేఱువేఱు పైపులలో దూరదూరముగ నడుపక, రెంటిని జతగా, వీలైన మెలిపెట్టి నడుపవలెను. పలకలను కలుపునపుడు వరుస చివరనుండి వచ్చు తీగ పోయిన దారినే తిరిగి రావలెను. లేనిచో మిద్దె చుట్టును పెద్ద ఉచ్చు ఏర్పడును. ఈ ఉచ్చును చిన్నది చేయుమనుట పిడుగుపాటు రక్షణ నేర్చినవారు ఎంతోకాలముగ చెప్పుచున్న మాటయే. దగ్గరలో పిడుగు పడినపుడు ప్రేరణవలన ఇన్వర్టరు కాలకుండ కాపాడు బిగింపును, రేడియోను కాపాడు బిగింపును ఒక్కటియే. తీగలను లోహపు ట్రేలో నడిపి, ఆ ట్రేను రెండు కొనలయందును ఎర్తుకు కలిపిన ఇంకను మేలు.

ఇంతటితో తీరనిచో ఫెరైట్ చోకు వలయును. మెగాహెర్ట్జు మొదలు హ్రస్వతరంగమునకు తగిన పదార్థమును, వాడుకలో 31వ మిశ్రమము అనుదానిని, ఎన్నుకొనవలెను. వలయములో తీగను ఎన్ని చుట్లు చుట్టిన, అడ్డు దాదాపు ఆ సంఖ్య వర్గముగ పెరుగును; ఒక్కసారి దూర్చిన వలయము చేయునదానికి నాలుగు చుట్లు పదునాఱు రెట్లు చేయును. కావున తీగపై తగిలించి విడుచు చిన్న ముక్కలతో ఫలము లేదని నిరాశపడినవారు, పెద్ద వలయముపై చుట్లు వేసి చూడవలెను. ధన, ఋణ తీగలు రెండును కలిసియే వలయము గుండ పోవలెను; ఒక్కటే పోయిన, దానిలోని నిలుకడ ప్రవాహము వలయమును సంతృప్తపరచి నిష్ప్రయోజనము చేయును. ఇన్వర్టరుకు రెండువైపులను, దానికి మిక్కిలి సమీపముననే వీనిని ఉంచవలెను. ఈ పనిని గృహస్థుడు స్వయముగ చేయరాదు. ఇన్వర్టరును ఆపినను ఎండ ఉన్నంతకాలము పలకల తీగలలో వందల వోల్టులు నిలిచియే యుండును. ప్రవాహము నడచుచుండగా కనెక్టరును లాగిన పుట్టు ఆర్కు ఆరిపోక చేతులను కాల్చును. శిక్షణ పొందినవాడు, ఏకముఖ విద్యుత్తు పంపిణీ పెట్టెలోని స్విచ్చిని ఆపి, పిదప చేయదగిన పని ఇది.

శ్రోత చేయగలిగినదియు కొంత కలదు. మధ్యతరంగ రేడియోలోని ఫెరైట్ కడ్డీ అన్ని దిక్కులను సమముగ వినదు. రేడియోను చేతనుంచుకొని మెల్లగా త్రిప్పిన, కొన్ని చోట్ల రొద అణగి కేంద్రము నిలుచు దిక్కు దొరకును. ఔత్సాహికులు యాంటెన్నాను ఇంటినుండి, మెయిను తీగలనుండి దూరముగ జరిపి, వినుటకు ప్రత్యేకముగ చిన్న వలయపు యాంటెన్నాను వాడుచున్నారు. ఐతే మూలమున అణపవలసిన రొదను వినువాడు తప్పించుకొని తిరుగుట శాశ్వతమార్గము కాజాలదు.

రేడియో కాలము చెల్లినదనియు, అందఱికిని అంతర్జాలము చేరినదనియు, కొలదిమంది కొఱకు ఇంత శ్రమ యేలయనియు వాదించువారు కలరు. వారి మాటలో ఒక పాలు నిజము కలదు. మధ్యతరంగ శ్రోతలు తగ్గిరి. కాని పౌనఃపున్యములు ఒకసారి రొదతో నిండిన, వానిని తిరిగి శుభ్రపరచుటకు కోటి మిద్దెలెక్కవలసివచ్చును, ఆ పని ఎవరివలనను కాదు. వీథిదీపములకు, విద్యుద్వాహనముల ఛార్జర్లకు, ఇంటి బ్యాటరీలకు ఇదే జాతి స్విచ్చులు వచ్చుచున్నవి. అవియు ఈ నేలపైననే రొదను చేర్చును. బిగించునాడే సరిచేసిన, వ్యయము రెండు ఫెరైట్ వలయములు, కొన్ని మీటర్ల తీగను జతగా నడుపు ఓపిక మాత్రమే.

ఇందులకు ఒక సులభోపాయమును సూచించుచున్నాను. రాయితీ విడుదలకు ముందు స్థాపనను విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) సిబ్బంది వచ్చి పరీక్షించి, నెట్ మీటరును బిగించుట ఇప్పటికే నియమము. ఆ వేళ బ్యాటరీతో నడచు మధ్యతరంగ రేడియో నొకదానిని చేతబట్టి, ఎండ బాగుగ కాయునపుడు, ఇంటి గడపయొద్దను పొరుగింటి గోడయొద్దను నిలిచి, ఇన్వర్టరు నడచునపుడు ఒకమారు, ఆపినపుడు ఒకమారు సమీప ఆకాశవాణి కేంద్రమును విని, భేదమును పరీక్షాపత్రమున వ్రాయవలెను. భేదము కొట్టవచ్చినట్లు కనబడిన, బిగించిన గుత్తదారే సరిచేయవలెననియు, సరిచేసిన పిమ్మటనే అతని సొమ్ము చెల్లింపబడుననియు పథకపు షరతులలో చేర్పవలెను. వినికిడితో చేయు ఈ పరీక్ష ప్రయోగశాల కొలతకు సాటి రాదు, 30 మెగాహెర్ట్జుల అంచునున్న రొదను అది పట్టజాలదు. ఐనను తీగల ఉచ్చులను, ఫిల్టరు లేని యంత్రములను బయటపెట్టుటకు అది చాలును, దానికి పట్టు కాలము మీటరు సీలు వేయుటకు పట్టునంతయే.